పిళ్ళై డైరీ, నా చేతి వాచీ

మా అబ్బాయి అడుగులు లెక్కపెట్టే వాచీ ఒకటి కొనిచ్చాడు. పుదుచ్చేరి బీచ్ రోడ్డులో నడుస్తుంటే రోజుకి పదివేలు పూర్తి చెయ్యమని అది ఒకటే నస. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, వోచరు లేని అంకెని నమ్మను. ఆ పదివేలు ఎక్కడివో వెతికాను. 1965లో జపాన్‌లో యమాసా కంపెనీ అమ్మిన పరికరం పేరే 'మన్‌పో కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. అంతే! పేరు ముందు పుట్టింది, పరిశోధన తర్వాత వచ్చింది. 2019లో అమెరికాలో 16,741 మంది వృద్ధ మహిళల లెక్కలు చూస్తే, సుమారు 7,500 అడుగులు దాటాక మరణాల్లో అదనపు తగ్గుదల కనబడలేదు. నూట ఎనిమిది ప్రదక్షిణలని చూసి నవ్వే మనం ఈ పదివేలకి దణ్ణం పెడదామా?

సొంత జీవితాన్ని రోజువారీగా రాసుకోవడం మా ఊరికి కొత్త కాదు. ఆనందరంగ పిళ్ళై, డూప్లే దగ్గర దుబాసీ, 1736 సెప్టెంబరు నుంచి 1761లో చనిపోయేదాకా తమిళంలో డైరీ రాశాడు. ఓడల రాకపోకలు, సరుకు బేరాలు, గవర్నరు కోపతాపాలు అన్నీ అందులో ఉన్నాయి. (మన కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితమిచ్చింది ఈయనకే.) జాతకాలూ మంచి ఘడియలూ నమ్మిన మనిషే, ఆ విషయంలో ఆయనతో నాకు పేచీ. కానీ ఒకటి గమనించండి. 1846లో గాల్వా మోంబ్రన్ కంటబడేదాకా ఆ పుస్తకాలు వాళ్ళ కుటుంబం దగ్గరే ఉన్నాయి. డూప్లే గురించి ఆయన రాసుకున్నది డూప్లేకి చేరలేదు.

మరి నా వాచీ? 2010లో కార్నెగీ మెలన్ పరిశోధకులు ఈ స్వీయలెక్కల్ని ఐదు దశలుగా విడదీశారు: సిద్ధపడటం, సేకరించడం, కలపడం, ఆలోచించడం, ఆచరించడం. బాగానే ఉంది. కాపీ ఎవరికి వెళుతుందన్న దశ మాత్రం అందులో లేదు. 2017 నవంబరులో స్ట్రావా యాప్ వాళ్ళు జనం పరుగుల పటం విడుదల చేస్తే, 2018 జనవరికి అందులో సిరియా, అఫ్ఘనిస్తాన్ సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి. సైనికులు ఎవరికీ రహస్యం చెప్పలేదు, వ్యాయామం చేశారంతే.

గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చారు. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అందులో కీలకం మన అంగీకారం. అంగీకారానికి ధర కట్టి అడిగితే?

కిందటి నెల ఒక ఆరోగ్య బీమా ఏజెంటు వచ్చాడు. వాచీని వాళ్ళ యాప్‌కి కలిపితే ప్రీమియంలో తగ్గింపు ఇస్తారట. "అంకుల్, నడుస్తున్నారుగా, మీకేం పోతుంది?" అన్నాడు. మోకాలు పట్టేసి ఇరవై రోజులు మంచం మీదుంటే ఆ సున్నాలు ఎవరు చదువుతారని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. ఇంకా రాలేదు. ఈలోగా అడుగులు పాత రిజిస్టరులో పెన్సిలుతో రాసుకుంటున్నాను. నిన్న 5,200.