ఇంటిగాలి కొలత

ఉదయమున కిటికీ సందునుండి గదిలోనికి జొచ్చిన ఎండపొడలో నలుసులు తేలియాడుట చూడనివారుండరు. ఆ నలుసునకు మన పూర్వులు త్రసరేణువని పేరు పెట్టిరి. మనుస్మృతిలో తూనికల వరుస చెప్పినచోట అన్నిటికంటె మొదటి కొలత అదియే. బంగారము తూచువాని లెక్కకు గాలిలోని దుమ్ము తొలిమెట్టయినది. నలుసుతో మొదలిడి బంగారమును తూచిన ఆ కాలమునుండి, ఆ నలుసునే లెక్కించి చెప్పు పెట్టెను ఇంటిలో పెట్టుకొను కాలమునకు నేడు మనము వచ్చితిమి.

అరచేత ఇముడునంతటి ఈ పెట్టెలు ఇప్పుడు అంగళ్లలో విరివిగా దొరకుచున్నవి. దేనిని కొనవలెను, కొన్న పిదప దాని అంకెను ఎట్లు చదువవలెను అని కొందరు మిత్రులు మమ్మడిగిరి. జవాబు వెదకబోయి మేము రెండువందల యేబది యేండ్లు వెనుకకు పోవలసి వచ్చినది. అంకెను చూచి మోసపోవుట మనతో మొదలైన సంగతి కాదు.

ఇంగ్లండు దేశమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను మతాచార్యుడు గాలి గుణమును పరీక్షించుటకు మొదట చిట్టెలుకలను వాడెడివాడు. మూసిన గాజుపాత్రలో ఎలుక ఎంతసేపు బ్రతికిన ఆ గాలి అంత మంచిదని లెక్క. 1772లో ఆయన ఎలుక బదులు వేరొక ఉపాయమును ప్రకటించెను. రెండు పాళ్ల గాలికి ఒక పాలు నైట్రిక్ ఆక్సైడు వాయువును నీటిమీద కలిపినచో ఎర్రని ఆవిరి పుట్టి, అది నీట కరగి, మిగిలిన గాలి పరిమాణము తగ్గును. ఎంత తగ్గిన అంత మంచిగాలి. ఎలుకలకు విముక్తి కలిగినది. మనుష్యులకు ఒక అంకె దొరకినది.

ఆ అంకె చేసిన సందడి అంతింత కాదు. 1775లో మిలాను వాసి మార్సీలియో లాండ్రియాని ఈ పరీక్షకు చక్కని గాజుగొట్టము నమర్చి దానికి 'యూడియోమీటరు' అని గ్రీకుపేరు పెట్టెను. గాలి మంచితనమును కొలచునదని దాని భావము. ఫ్లారెన్సులో ఫెలీచే ఫాంటానా మరియొక గొట్టమును చేసెను. ఏ ఊరి గాలి ఆరోగ్యమో, ఏ చిత్తడినేల గాలి రోగమో ఇక గొట్టమే చెప్పునని పండితులు నమ్మిరి. 1779 నవంబరులో యాన్ ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు థేమ్సు నదీముఖమునకు ఓడపై పోయి అక్కడి గాలిని కొలచి, సముద్రపుగాలి నేలమీది గాలికంటె శుద్ధమని వ్రాసెను.

అప్పుడు హెన్రీ కావెండిష్ అను మహానుభావుడు ఆ గొట్టమును చేతబట్టెను. ఆయన మితభాషి, మనుష్యుల కంటబడుటకే జంకెడివాడు. కాని గొట్టమును ఎంత కదపవలెను, వాయువును ఎంత మెల్లగా వదలవలెను అను విషయములో ఆయన ఓపికకు అంతులేదు. 1781 ఉత్తరార్ధమున సుమారు 60 దినముల గాలిని ఎండలోను, వానలోను, గాలి మళ్లిన దినములలోను పరీక్షించెను. లండను నడిబొడ్డు గాలిని, ఆనాటికి ఊరిబయట నున్న కెన్సింగ్టను గాలిని ప్రక్కప్రక్కన బెట్టి చూచెను. ఫలితమును 1783లో ప్రకటించెను: తేడా ఏమియు లేదు!

బొగ్గుపొగతో కంపుగొట్టు లండనుకును, తోటల నడుమ నున్న పల్లెకును గాలి ఒక్కటేనా? ముక్కున్న వారెవ్వరును ఒప్పుకొనరు. అయినను కావెండిష్ పొరబడలేదు. గొట్టము కొలచుచున్నది ప్రాణవాయువు పాలు మాత్రమే. అది నూటికి 21 వంతున ఎల్లెడల నొక్కటే. 1804లో గే లుసాక్ బెలూనులో 6,500 మీటర్లకు పైబడిన ఎత్తున పట్టితెచ్చిన గాలిలో సైతము అంతే. లండనును పీడించినది ప్రాణవాయువు కొరత కాదు, పొగ. పొగ సంగతి ఆ గొట్టమునకు తెలియదు. పరికరము అబద్ధమాడలేదు, దానికి పెట్టిన పేరు అబద్ధమాడినది. నేటి పెట్టెలమీద 'గాలి నాణ్యత' అను అక్షరములు చూచినపుడెల్ల మాకు ఆ గ్రీకుపేరు జ్ఞప్తికి వచ్చుచుండును.

తరువాతివారు కొంత జాగ్రత్తపడిరి. 1858లో మ్యూనిక్ నగరమున మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ మూసిన గదుల గాలిని శోధించి, బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, వెయ్యింట ఒక వంతు మించరాదని నిర్ణయించెను. ఆ కొద్దిపాటి వాయువు విషమని ఆయన చెప్పలేదు. మనుష్యులు విడిచిన ఊపిరి గదిలో ఎంత నిలిచినదో తెలుపు ఆనవాలుగా మాత్రమే దానిని వాడుకొనవచ్చునని చెప్పెను. మా దృష్టిలో ఈ ఒక్కమాట పెట్టెన్‌కోఫరును పూర్వపు గొట్టములవారికంటె ఎత్తున నిలిపినది. పది లక్షలకు 1,000 వంతులని నేటి పెట్టెలు చూపు హద్దు ఆయన గీసినదే.

ఇక నలుసుల సంగతి. 1870లో జాన్ టిండాల్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో దుమ్మును గూర్చి, రోగమును గూర్చి ఉపన్యసించుచు, చీకటిగదిలో తీవ్రమైన కాంతిపుంజమును ప్రసరింపజేసి, శుభ్రమనుకొన్న గాలి ఎంత మురికిదో సభవారికి కన్నులార చూపెను. మన కిటికీలోని ఎండపొడయే అది. అదే టిండాల్ అంతకు పది యేండ్ల పూర్వము బొగ్గుపులుసు వాయువు ఉష్ణకిరణములను పీల్చుకొనునని కనుగొనియుండెను. నేటి పెట్టెలో ధూళిని లెక్కించు లేసరు భాగమునకు, బొగ్గుపులుసు వాయువును కొలచు పరారుణ భాగమునకు మూలపురుషుడు ఒక్కడే యనుట పెట్టె కొన్నవారిలో ఎందరికి తెలియును!

స్కాట్లండువాడగు జాన్ ఐట్‌కెన్ 1888లో ఈ నలుసులను లెక్కబెట్టెను. గాలిని తేమతో నింపి చల్లబరచిన, ఒక్కొక్క నలుసు చుట్టును ఒక నీటిచుక్క కట్టును. చుక్కలను లెక్కించిన నలుసుల లెక్క వచ్చును. ఒక ఘన సెంటీమీటరు గాలిలో, వాన కురియుచుండగా ఆరుబయట 32 వేలు. గది లోపల 18 లక్షల 60 వేలు. ఆ గది పైకప్పు దగ్గర 54 లక్షలు. ఇంటిలోని గాలి వీధిలోని గాలికంటె దుమ్మైనదని అంకెతో సహా తెలిసిపోయినది. కాని చాలకాలము వరకు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. కొలత యంతయు పొగగొట్టములకును, వీధులకును పోయినది. ఫ్రాన్సు దేశీయుడు రింగెల్‌మాన్ పొగ నలుపును పోల్చిచూచుటకు 1888లో ఒక పటము గీసెను. మన దేశమున కలకత్తా పొగకై 1905లో బెంగాలు ప్రభుత్వము ఒక చట్టమునే చేసెను. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండనును క్రమ్మిన పొగమంచు వేలమందిని బలిగొనెను. అది తలుపులను లెక్కచేయలేదు. నాటకశాలలోనికి జొరబడి రంగస్థలము కనబడక సంగీతనాటకము నడుమ నిలిచిపోయినది. 1956లో అచ్చట స్వచ్ఛవాయు శాసనము వచ్చినది.

కొలత వంటింటి గడప దాటుటకు ఇంకను పాతికయేండ్లకు పైగా పట్టినది. ఆ పని జరిగినది మన దేశముననే. గుజరాతులోని 4 గ్రామములలో కిర్క్ స్మిత్, అగ్గర్వాల్, దవే అను పరిశోధకులు 36 మంది స్త్రీలకు వంట చేయువేళ చిన్న పరికరములను తగిలించి, వారు పీల్చు గాలినే పట్టి తూచిరి. 1983లో ఫలితము అచ్చయినది. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లి పీల్చు గాలిలో ఘనమీటరునకు సగటున 7 మిల్లీగ్రాములకు దగ్గరగా ధూళి యున్నది. ఇది అన్ని పరిమాణముల నలుసుల మొత్తము గనుక నేటి అంకెలతో సూటిగా పోల్చరాదు. అయినను ఏ నగరపు వీధియు ఆనాడు అంతటి గాలిని ఎరుగదు. తరతరములుగా మన అమ్మమ్మలు ఊదుగొట్టము పట్టి కన్నులు తుడుచుకొనుచు వండిరి. వారి దగ్గును వయసు దగ్గు అనుకొంటిమి. 1999లో ఆంధ్రప్రదేశమున వచ్చిన దీపము పథకము, 2016లో దేశమంతట వచ్చిన ఉజ్జ్వల పథకము కట్టెపొగను ఎన్నో వంటిండ్లనుండి తొలగించినవి. నూనె మరిగిన పొగ, అగరువత్తి, సాంబ్రాణి, దోమలచుట్ట మాత్రము గ్యాసుపొయ్యి వచ్చినంత మాత్రమున పోవు.

1993లో అమెరికాలోని 6 నగరములవారిని ఏండ్ల తరబడి గమనించిన పరిశోధన ఒకటి వెలువడి, అతిసూక్ష్మ ధూళి హెచ్చుగా నున్నచోట మరణములును హెచ్చని చూపినది. 1997లో అచ్చట 2.5 మైక్రానులకు లోబడిన నలుసులకు, అనగా పి.ఎం. 2.5కు, హద్దు ఏర్పడినది. మన దేశమున 2009లో 24 గంటల సగటునకు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు హద్దుగా నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15 మాత్రమే.

ఇప్పుడు పెట్టె కొనువారి సంగతికి వత్తము. మొట్టమొదట అడుగవలసినది ధర కాదు, ఇది దేనిని కొలచునని. పి.ఎం. 2.5ను లేసరుతో కొలచునది పొగకును, దుమ్మునకును పనికివచ్చును. తలుపులు మూసి చల్లని యంత్రము వేసికొని నలుగురు నిద్రించు గదికి బొగ్గుపులుసు వాయువు కొలత కావలెను. ఇచ్చట ఒక మోసమున్నది. పరారుణ కిరణములతో నిజముగా కొలచు పెట్టెలు కొన్ని. ఇతర ఆవిరులను చూచి ఊహించి అంకె వేయునవి కొన్ని. ఈ రెండవ తెగవానిలో నుండు లోహ ఆక్సైడు సెన్సారు జపానులో టగూచి అను నాతడు వంటగ్యాసు కారుటను పసిగట్టుటకై 1960ల తొలి యేండ్లలో రూపొందించిన జాతిది. గ్యాసు కనిపెట్టుటలో అది మేటి. దానిచేత బొగ్గుపులుసు లెక్క చెప్పించుట వాసన చూచి బియ్యము బరువు చెప్పుమనుట వంటిది. పెట్టెపై 'ఎన్.డి.ఐ.ఆర్.' అని యున్నదేమో చూడవలెను.

రెండవ మోసము అంకెలో నున్నది. 2014లో మన ప్రభుత్వము ప్రకటించిన వాయు నాణ్యతా సూచిక ప్రకారము 60 మైక్రోగ్రాముల ధూళి 100 అగును. 'సంతృప్తికరము' అని దాని పేరు. అదే ధూళికి అమెరికా సూచిక 150కి పైబడి 'అనారోగ్యకరము' అనును. ఒకే గాలి, రెండు తీర్పులు. పెట్టె ఏ దేశపు సూచికను చూపుచున్నదో తెలియనిచో సూచికను విడిచి మైక్రోగ్రాముల అంకెనే చదువుట మేలు. అదియు నిమిషమునకొకమారు తొంగిచూచి కంగారుపడుటకు కాదు. హద్దులన్నియు రోజంతటి సగటునకు చెప్పినవి.

లేసరు పెట్టె తేమకు లోబడును. తేమగాలిలో నలుసులు ఉబ్బును; మంచుబిందువులను కూడ అది ధూళిగానే లెక్కించును. కాకినాడలోనో విశాఖలోనో ముసురుపట్టిన నాడు అంకె పెరిగిన వెంటనే బెదరనక్కరలేదు. కొన్న క్రొత్తలో పెట్టెను ఒకరోజు వరండాలో ఉంచి, దగ్గరలోని ప్రభుత్వ కేంద్రము చూపు అంకెతో సరిచూచుకొన్నచో దాని స్వభావము తెలిసిపోవును. బొగ్గుపులుసు పెట్టెకు వేరొక అలవాటున్నది: చాలవరకు అవి కొన్నిదినములలో చూచిన కనిష్ఠమునే ఆరుబయటి గాలిగా భావించి తమ్ము తాము సరిదిద్దుకొనును. ఎన్నడును కిటికీ తెరువని యింట అది కూడ ఆ యింటివారివలెనే మోసపోవును.

ఇక చెప్పక తప్పని మాట. 2020 మే 7 వేకువజామున విశాఖపట్నము శివారు ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీను ఆవిరి కర్మాగారమునుండి వెలువడి, నిద్రించుచున్నవారి ప్రాణములను తీసినది. ధూళిని, బొగ్గుపులుసును మాత్రమే కొలచు పెట్టె ఆనాడు ఆ యిండ్లలో నుండినను పచ్చదీపము చూపుచు కూర్చుండెడిది. గాలి తగలని స్నానపుగదిలో గ్యాసు గీజరు వలన పుట్టు కార్బన్ మోనాక్సైడు సంగతియు ఇంతే. దానికి రంగు లేదు, వాసన లేదు. పూర్వము బొగ్గుగనులలో జాన్ హాల్డేన్ సలహాపై పంజరములలో కెనరీ పిట్టలను తీసికొనిపోయినది దాని భయముననే. బ్రిటనులో ఆ పిట్టలకు 1986 వరకు సెలవు దొరకలేదు. గీజరున్న ఇంటికి దానికై ప్రత్యేకముగా కూయు అలారము వేరుగా కావలెను. ధూళిపెట్టె దానికి బదులు కాజాలదు.

మా యింట జరిగినదొకటి చెప్పెదము. పెట్టె తెచ్చి ముందుగదిలో రేడియో ప్రక్క అలంకారముగా నుంచితిమి. వారము రోజులు 30, 35 అని చూపుచు బుద్ధిమంతునివలె నుండెను. మేము వచ్చినవారికెల్ల చూపి మురిసితిమి. ఒకనాడు మా కోడలు, "మామయ్యగారూ, పొగ వంటింట్లో, పెట్టె రేడియో దగ్గరా?" అనెను. యూడియోమీటరు కథ చదివిన మాకు తోచని మాట అది! ఆ సాయంకాలము పెట్టెను వంటింటికి మార్చితిమి. ఎండుమిరపకాయల పోపు వేయగానే అంకె 300 దాటెను. కిటికీ తెరచి గాలిని బయటికి తోయు పంకా వేసిన ఇరువది నిమిషములకు గాని దిగలేదు. చీకటిపడిన పిదప మేము స్వయముగా వేసిన సాంబ్రాణికి అంకె అంతకంటెను ఎగబ్రాకెను. అప్పుడు కోడలేమియు అనలేదు, మేమును అనలేదు.

ఇప్పుడు ఆ పెట్టె పొయ్యికి రెండు బారల దూరమున, ఆవిరి తగులని గూటిలో, వండువారి ముఖమంత ఎత్తున నున్నది. పోపు వేయుటకు ముందే పంకా తిరుగుచున్నది. శుక్రవారపు సాంబ్రాణి పెరటిలో తులసికోట దగ్గరకు మారినది.