శస్త్రరహిత మెదడు ఉద్దీపన

కపాలం తెరవకుండా, అయస్కాంత క్షేత్రంతోనో స్వల్ప విద్యుత్తుతోనో మెదడు పనితీరును మార్చే పద్ధతులు. వీటిలో టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్), టీడీసీఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్) ముఖ్యమైనవి. టీఎంఎస్‌లో తలపై ఆనించిన తీగచుట్ట గుండా క్షణకాలం బలమైన ప్రవాహం పంపుతారు. దాని అయస్కాంత క్షేత్రం మెదడు పైపొరలో విద్యుత్తును పుట్టించి నాడీకణాలను అక్కడికక్కడే స్పందింపజేస్తుంది. టీడీసీఎస్‌లో తడి స్పాంజీల ద్వారా 1-2 మిల్లీ ఆంపియర్లు పంపుతారు. ఇది కణాలను నేరుగా స్పందింపజేయదు. స్పందించే గుణాన్ని కాస్త పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

చరిత్ర

క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి విద్యుత్ చేపను సూచించాడు. 1938లో రోమ్‌లో మొదలైన షాక్ చికిత్స మూర్ఛ తెప్పించి పనిచేస్తుంది. టీఎంఎస్, టీడీసీఎస్‌లలో మాత్రం మూర్ఛ ఉద్దేశం కాదు, మత్తుమందు అవసరం లేదు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం టీఎంఎస్‌తో చేతి కండరాలను కదిలించింది. 2000లో గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ టీడీసీఎస్‌కు ఆధునిక రూపమిచ్చారు.

ఉద్వేగాలు

నుదుటి వెనుక ఎడమభాగాన్ని టీఎంఎస్‌తో ఉద్దీపిస్తే ఆరోగ్యవంతుల్లో విచారం, కుడిభాగాన్ని ఉద్దీపిస్తే సంతోషం పెరుగుతాయని 1990లలో చిన్న అధ్యయనాలు చెప్పాయి. తర్వాతివి దీన్ని నిలకడగా ధ్రువీకరించలేదు. చికిత్సగా మాత్రం టీఎంఎస్ నిలిచింది. మందులకు లొంగని కుంగుబాటుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో దీన్ని అనుమతించింది.

అవధానం

2001లో హిల్‌గెటాగ్ బృందం మెదడు కుడి పెరైటల్ భాగాన్ని టీఎంఎస్‌తో కాసేపు మందగింపజేసింది. పాల్గొన్నవారికి ఎడమవైపు వస్తువులు సరిగా ఆనలేదు. కుడివైపువి మరింత బాగా తెలిశాయి. రెండు అర్ధగోళాలు ధ్యాస కోసం పోటీపడతాయనే వాదానికి ఇది బలమిచ్చింది. టీడీసీఎస్ ఫలితాలు అంత స్పష్టంగా లేవు. ఒక్క విడత ప్రవాహం ఆరోగ్యవంతుల మేధాశక్తులపై నమ్మదగిన ప్రభావం చూపలేదని 2015లో హోర్వాత్ బృందం సమీక్ష తేల్చింది. ప్రవాహంలో చాలాభాగం తలచర్మం గుండానే పోవడం, కపాలం మందం మనిషికీ మనిషికీ మారడం ఇందుకు చెప్పే కారణాలు.

హైదరాబాదులో

తార్నాకను ఆనుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉన్నాయి. తెలుగు, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవారి అవధాన నియంత్రణపై ఆ కేంద్రం పరిశోధకులు అధ్యయనాలు చేశారు. అలాంటి అధ్యయనాల్లో వాడే ప్రతిస్పందన వేగం, తప్పుల సంఖ్య వంటి కొలతలతోనే ఉద్దీపన ఫలితాన్నీ అంచనా వేస్తారు. పోలిక కోసం కొందరికి ఉత్తుత్తి ఉద్దీపన ఇస్తారు: టీడీసీఎస్‌లో చర్మం చురచురలాడేంతసేపు ప్రవాహం పంపి ఆపేస్తారు.

భద్రత

టీఎంఎస్‌లో మూర్ఛ అరుదు. తలలో లోహపు పరికరాలున్నవారికి, మూర్ఛరోగులకు సాధారణంగా దీన్ని వాడరు.