అగ్గిపుల్ల బొమ్మలతో 3,099 ఫ్రేములు

బొమ్మలు వెయ్యడం రానివాడికి బొమ్మల కథ చెప్పాలనిపిస్తే ఏం చెయ్యాలి? కొన్నేళ్ళ క్రితం నాకీ దురద పుట్టింది. ఆఫీసు తమాషాల మీద ఓ చిన్న చిత్రకథ గీసి పడేద్దామని పెన్ టాబ్లెట్ ఒకటి కొన్నాను. ఇంజనీరింగు బుర్ర కదా, ముందు టూల్సు, తర్వాతే పని. బ్రష్షులు ఎంచుకోడానికి రెండు వారాలు, లేయర్లకి పేర్లు పెట్టడానికి ఇంకో వారం పట్టింది. తీరా మూడో పేజీకొచ్చేసరికి హీరో మొహం మొదటి పేజీలో మొహంలా రాలేదు. వాళ్ళ తమ్ముడేమో అనిపించేలా వచ్చింది. అక్కడితో ప్రాజెక్టు మూసేశాను. టాబ్లెట్ ఇప్పుడు అటక మీద భద్రంగా ఉంది.

నేను తప్పిందెక్కడో ఎక్స్‌కేసీడీ చరిత్ర తిరగేశాక కాస్త అర్థమైంది. ఆ పేరు వినని సాఫ్టువేరు మనిషి ఉండడనుకుంటాను. బడివాళ్ళ డేటాబేసు టేబుల్ని చెరిపేసే పేరు కొడుక్కి పెట్టిన తల్లి, కోడు కంపైలవుతోందని సాకు చెప్పి కుర్చీలెక్కి కత్తియుద్ధం చేసే ఇద్దరు (రెండూ 2007లోవే)... ఏ టీములోనైనా ఎవరో ఒకరు వీటిని గోడకి అతికించే ఉంటారు. గీసింది రాండల్ మన్రో అనే అమెరికన్. చదివింది ఫిజిక్సు, బొమ్మలు కాదు.

అతని దగ్గరికి వెళ్ళేముందు ఓ ఇరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళొద్దాం. 1985లో ఫస్ట్ కామిక్స్ అనే అమెరికన్ సంస్థ 'షాటర్' అనే కామిక్ వేసింది. కథ పీటర్ గిల్లిస్‌ది, బొమ్మలు మైక్ సేంజ్‌వి. బొమ్మలన్నీ కంప్యూటరు మీదే గీసి, మార్కెట్లో అమ్మిన మొదటి కామిక్ అని దీనికి పేరు. సేంజ్ వాడింది తొలి తరం మాకింటోష్. 128 కిలోబైట్ల మెమరీ (మెగా కాదండోయ్, కిలో!), 512 × 342 చుక్కల తెర. ఉన్నవి నలుపు, తెలుపు మాత్రమే, బూడిద రంగు కూడా లేదు. చుక్క వెలిగితే వెలిగింది, లేకపోతే లేదు. సాఫ్టువేరు బిల్ ఆట్కిన్సన్ రాసిన మాక్‌పెయింట్. పెన్నూ గిన్నూ ఏమీ లేదు, మొత్తం మౌసుతోనే. రోకలి పట్టుకుని ముగ్గు పెట్టడం లాంటి వ్యవహారం. దానికి తోడు మాక్‌పెయింటులో పేజీ 576 × 720 చుక్కలైతే, గీసే కిటికీ అంతకన్నా చాలా చిన్నది. కాలు గీస్తున్నప్పుడు తల ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాల్సిందే. అలా గీసినదాన్ని ప్రింటు తీసి, రంగులు మాత్రం మామూలు పద్ధతిలో చేత్తో వేశారు.

సేంజ్ కొన్ని సంచికల తర్వాత తప్పుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు హాయిగా కాగితం మీద గీసి, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలెట్టారు. ఆ తర్వాత వచ్చిన చార్లీ అథనాస్ మళ్ళీ మాక్ మీదే గీశాడు. 1988లో 14వ సంచికతో షాటర్ ఆగిపోయింది. (అన్నట్టు, సేంజ్ తర్వాత మాక్రోమైండ్ అనే కంపెనీతో కలిసి కామిక్‌వర్క్స్ అని కామిక్కులు గీసుకునే సాఫ్టువేరు చేశాడు. ఆ మాక్రోమైండే పెరిగి పెద్దయి మాక్రోమీడియా అయింది. అవును, మనందరం ఫ్లాషుతో కుస్తీ పట్టిన మాక్రోమీడియానే.)

షాటర్ పేజీలు చూస్తుంటే నాకు గౌరవమూ కలుగుతుంది, జాలీ వేస్తుంది. జుట్టు, చొక్కా ముడతలు, నీడలు, అన్నీ మెట్లు మెట్లుగా. చెయ్యితిరిగిన ఆర్టిస్టు సిరాతో చేసే పనిని ఒక పెట్టె చేత చేయించాలని తంటాలు పడ్డాడు సేంజ్. ఆయనకి చెయ్యి ఉంది, పెట్టెకే శక్తి లేదు. నా కేసు దీనికి రివర్సు. పెట్టెకి బోలెడంత శక్తి ఉంది, చెయ్యే లేదు. కానీ ఇద్దరం అడిగింది ఒకటే, కాగితం మీది కామిక్కునే.

ఇప్పుడు మన్రో. 2005 నాటికి అతనింకా కాలేజీ కుర్రాడు. వర్జీనియాలోని నాసా లాంగ్లీ రీసెర్చి సెంటర్లో రోబోల మీద కాంట్రాక్టు పని కూడా చేసేవాడు. క్లాసులో కూర్చుని నోటు పుస్తకాల నిండా గీసుకున్న పిచ్చిగీతలు పోగుపడ్డాయి. అవి పోకుండా ఉంటాయని స్కాన్ చేసి, 2005 సెప్టెంబరులో ఇంటర్నెట్లో పెట్టాడు. అంతే, అదే ఆరంభం. వెబ్ కామిక్ పెడదామని ప్లానూ లేదు, పాడూ లేదు. గళ్ళ నోటు పుస్తకం గళ్ళు కూడా కొన్ని తొలి బొమ్మల్లో అలాగే కనపడతాయి.

ఆ మొదటివి తీసి చూస్తే ఒక ఆశ్చర్యం. పీపాలో కూర్చుని సముద్రంలో తేలిపోతున్న పిల్లాడి తర్వాత వరసగా చెట్లు, ఒక దీవి, ఒక ప్రకృతి దృశ్యం, ఇవన్నీ స్కెచ్చులు! అంటే మనవాడికి పుల్లలు తప్ప ఇంకేం రాదు అనుకోడానికి లేదు. వచ్చినదాంట్లోంచే ఒక్కొక్కటీ తీసి అవతల పెట్టుకుంటూ వచ్చాడు. ముందు నీడలు పోయాయి. ఆ తర్వాత మనుషులకి మొహాలు పోయాయి. కళ్ళు లేవు, నోరు లేదు, గుండ్రటి తల, కింద నాలుగు గీతలు. ఆడమనిషైతే కాస్త జుట్టు, దుర్మార్గుడైతే నల్లటోపీ. మొహమే లేకపోతే, మూడో పేజీలో మొహం మారిపోతుందన్న బాధెక్కడిది? నా టాబ్లెట్‌ని అటకెక్కించిన బగ్గుని ఇతను ఫిక్సు చెయ్యలేదు, ఆ ఫీచరే తీసేశాడు :)

మిగిలినవి మాట, మాటకీ మాటకీ మధ్య మౌనం, మనుషుల మధ్య దూరం, మెడ వంపు. నవ్వించడానికీ ఏడిపించడానికీ అవే చాలని తేలింది. గీతల్లో పట్టని ఇంకో జోకు ఉంటే దాన్ని బొమ్మ వెనక దాచాడు. మౌసు పెట్టి కాసేపు ఆగితే పసుప్పచ్చ చీటీలా ఒక వాక్యం తేలుతుంది చూడండి, అదన్నమాట. హెచ్‌టీఎంఎల్లో బొమ్మకిచ్చే టైటిల్ ఆట్రిబ్యూటు తప్ప అందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. కాగితం మీద ఇది కుదరదు.

2006లో నాసా అతని కాంట్రాక్టుని పొడిగించలేదు. దాంతో కామిక్కే ఉద్యోగమైంది. వారానికి మూడు, సోమ బుధ శుక్రవారాలు. బొమ్మలేమో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితం, వ్యాపారానికి తప్ప ఎవరైనా వాడుకోవచ్చు. డబ్బులు టీషర్టుల మీద. వారానికి మూడు రిలీజులు, క్యూఏ లేదు, బాకప్ రిసోర్సు లేడు. రెండు దశాబ్దాల పాటు ఆ షెడ్యూలు నిలబడిందంటే ఒక్కో బొమ్మకయ్యే ఖర్చు ముందే తగ్గించి పెట్టుకోబట్టే అని నా లెక్క.

ఇక్కడ మా రూమ్మేటు అభ్యంతరం చెప్పాలి. వాడు బాపు భక్తుడు. "ఇవి బొమ్మలేంట్రా, చిన్నపిల్లలు గోడమీద గీసే గీతలు. చందమామలో బేతాళ కథలకి శంకర్ వేసిన బొమ్మలు చూసి పెరిగి, వీటిని మెచ్చుకోడానికి సిగ్గులేదూ?" అంటాడు. వాడి బాధ అబద్ధం కాదు. అగ్గిపుల్ల మనుషులు హిట్టయ్యాక, వాటి వెనకాల చెప్పడానికేమీ లేని అగ్గిపుల్లలు లెక్కలేనన్ని పుట్టుకొచ్చాయి. గీత రాకపోవడం ఒక డిగ్రీ అయి కూర్చుంది. నేను వాడితో వాదించలేదు. 2013లో వచ్చిన 'టైమ్' అనే బొమ్మ చూపించాను.

దానికి ముందు రిహార్సల్సు కొన్ని జరిగాయి. 2006 చివర్లో ఇంటర్నెట్ అడ్రసులన్నిటికీ మ్యాపు గీశాడు. పక్కపక్క నంబర్లు మ్యాపులోనూ పక్కపక్కనే ఉండేలా హిల్బర్ట్ వంపు వాడి మరీ. 2012 సెప్టెంబరులో 'క్లిక్ అండ్ డ్రాగ్' వచ్చింది. చిన్న కిటికీలాంటి ప్యానెల్, మౌసుతో లాగితే వెనకాల 1,65,888 × 79,872 పిక్సెళ్ళ ప్రపంచం. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చేస్తే దాదాపు 14 మీటర్ల వెడల్పు. అందులో చాలామటుకు ఖాళీయే, పైన తెల్లటి ఆకాశం, కింద నల్లటి నేల. కానీ ఎక్కడో ఒక చోట చెట్టు మీద, సొరంగంలో ఎవరో ఇద్దరు ఏదో మాట్లాడుకుంటూ తగులుతారు. తెర మీది కామిక్కుకి కాగితం అంచులు అక్కర్లేదని స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లోనే పుస్తకం రాశాడు. మాక్‌పెయింటు కిటికీలోంచి పేజీలో కొంత భాగమే కనపడి సేంజ్ అవస్థ పడితే, ఇక్కడ అదే ఇరుకు కిటికీ చదివేవాడికి ఆటబొమ్మయింది.

ఇక 'టైమ్'. 2013 మార్చి 25న ఒక బొమ్మ పడింది. ఇసుకలో కూర్చున్న ఇద్దరు అగ్గిపుల్ల మనుషులు. మాటల్లేవు. కాస్త ఆగండి అని మాత్రం మౌసు పెడితే కనపడేది. జనం ఏముందిందులో అనుకుని వెళ్ళిపోయారు. అరగంట తర్వాత చూసినవాళ్ళకి బొమ్మ కాస్త మారి కనిపించింది. ఇంకో అరగంటకి ఇంకాస్త. మొదటి అయిదారు రోజులు అరగంటకో ఫ్రేము, ఆ తర్వాత గంటకొకటి. ఇద్దరూ ఇసుక కోట కడుతున్నారు. నీళ్ళు మెల్లగా పైకొస్తున్నాయి. ఎందుకొస్తున్నాయో తెలీక, తెలుసుకుందామని నడక మొదలెడతారు. ఆ నడక ఎన్ని వారాలో! కొండలెక్కుతారు, పరాయి భాష మాట్లాడే మనుషుల్ని కలుస్తారు. ఆ భాషని కూడా మన్రోనే కల్పించాడు. పెద్ద సముద్రం తమ లోయలోకి పొంగి వస్తోందని తెలిశాక, తమవాళ్ళని హెచ్చరించడానికి వెనక్కి పరిగెడతారు.

ఆ లోయ మధ్యధరా సముద్రం. సుమారు 53 లక్షల ఏళ్ళ క్రితం, ఎండిపోయి ఉన్న ఆ సముద్రంలోకి అట్లాంటిక్ నీళ్ళు దూకి మళ్ళీ నింపాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. మన్రో దాన్నే తీసుకుని 11 వేల ఏళ్ళ తర్వాతి భవిష్యత్తులో పెట్టాడు. ఈ సంగతి కథలో ఎక్కడా చెప్పడు. రాత్రి ఫ్రేముల్లో నక్షత్రాలుంటాయంతే. భూమి ఇరుసు దాదాపు 26 వేల ఏళ్ళకోసారి బొంగరంలా చుట్టి వస్తుంది కాబట్టి, ఆకాశం ఇప్పటిలా ఉండదు. చదివేవాళ్ళు ఆ చుక్కలు లెక్కగట్టి కాలాన్ని పట్టుకున్నారు. మనిషికి నాలుగు గీతలతో సరిపెట్టినవాడు ఆకాశంలో ఒక్కో చుక్కనీ ఎక్కడుండాలో అక్కడే పెట్టాడు. ఇది చెప్పేసరికి మా రూమ్మేటు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కుర్రాడి నడుం ఎంత బాగా వంచాడ్రా" అన్నాడు, ఇసుక ఎత్తుతున్న ఫ్రేము చూస్తూ.

జూలై 26కి కథ ముగిసింది. 123 రోజులు, 3,099 ఫ్రేములు. సినిమా లెక్కన సెకనుకి 24 చొప్పున తిప్పితే రెండు నిమిషాల తొమ్మిది సెకన్లలో అయిపోతుంది. దాన్ని జనం నాలుగు నెలలు చూశారు, రాత్రిళ్ళు లేచి కూడా. మొహాలు, చొక్కా ముడతలు ఉండుంటే 3,099 ఎవడు గీస్తాడు? ముప్ఫై దగ్గర ఆగిపోయేవాడు. నేను మూడు దగ్గర ఆగాను.

2014లో 'టైమ్'కి ఉత్తమ చిత్రకథగా హ్యూగో అవార్డు వచ్చింది, లండన్లో. మన్రో వెళ్ళలేదు. బదులుగా రచయిత కోరీ డాక్టరో అందుకున్నాడు. ఒకప్పుడు మన్రో తన కామిక్‌లో ఈ డాక్టరోనే ఎర్రటి కేపు, కళ్ళకి గాగుల్సు పెట్టి గీసి ఆటపట్టించాడు. ఆయన సరిగ్గా ఆ వేషం వేసుకునే వేదిక ఎక్కాడు.