రేవు పిలిచిన జనము

1933లో విశాఖపట్టణపు రేవు తెరవబడినది. 1941లో నౌకానిర్మాణశాలకును, 1971లో ఉక్కు కర్మాగారమునకును శంకుస్థాపన జరిగినది. గోపాలపట్నము మొదలగు శివారు గ్రామములు క్రమముగా నగరమున కలిసిపోయినవి. పనికై వచ్చి ఇల్లు దొరకని పేదలు కొండవాలులందును, గెడ్డల గట్లమీదను గుడిసెలు వేసికొనిరి.

గుడిసెలను తొలగించుట నగరములెరిగిన పాత యుపాయము. కాని తొలగించిన గుడిసె మరియొక గెడ్డప్రక్కన మరల లేచును. ఏలన, కూలివాడు పనికి దూరముగా బ్రదుకలేడు. 1988లో బ్రిటిష్ ప్రభుత్వ సాయముతో ఆరంభమైన విశాఖ మురికివాడల అభివృద్ధి పథకము వేరొక త్రోవ త్రొక్కినది. జనమును కదల్పక, ఉన్నచోటనే బాటలు, మురుగుకాలువలు, మంచినీటి కుళాయిలు, వీథిదీపములు కల్పించుటయే దాని ముఖ్యోద్దేశము.

అయితే శ్రోతలు తలపోయదగిన విషయ మొకటి కలదు. కాలువ త్రవ్వుట ఒకనాటి పని. అది పూడిపోకుండ కాచుట నిత్యకృత్యము. స్థలమునకు పట్టా పొందిన గృహస్థుడే ఆ కాలువను తనదిగా తలచును. కనుక పట్టాయే తొలి మెట్టు.