కుళాయి వాషర్లతో ఒక రేడియో

2009 అక్టోబర్ తొలి వారంలో తుంగభద్ర కర్నూలును ముంచింది. ఈవలి ఒడ్డున ఉన్న ఆలంపూర్‌నీ వదల్లేదు. జోగులాంబ గుడిలోకి నీళ్లొచ్చాయి. కింద శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరింది. అలాంటి రోజుల్లో ముందు కరెంటు పోతుంది, దాని వెనకే సెల్ టవర్లు మూగబోతాయి. అప్పుడు ఆలంపూర్‌లో ఉన్నవాడు హైదరాబాద్‌తో మాట్లాడాలంటే చేతిలో ఏ రేడియో ఉండాలి?

హామ్ రేడియో కొనబోయేవాళ్లు ముందు వాట్లు చూస్తారు, తర్వాత ధర చూస్తారు. అసలు చూడాల్సింది దూరం. చేతిలో ఇమిడే వీహెచ్‌ఎఫ్ సెట్టు 144 మెగాహెర్ట్జ్ దగ్గర 5 వాట్లతో పనిచేస్తుంది. దాని అల దాదాపు కంటిచూపు లాగే తిన్నగా పోతుంది. పడవలకీ ఒడ్డుకీ మధ్య మాటకు అది భేషుగ్గా చాలు. కానీ ఆలంపూర్ నుంచి హైదరాబాద్ నేరుగా కొలిచినా 170 కిలోమీటర్లు. పోనీ 14 మెగాహెర్ట్జ్ పట్టుకుంటే, అది పై పొరలకు తగిలి ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్న మన రాజధానికి వినబడదు. ఈ దూరానికి 7 మెగాహెర్ట్జే తగినది. పదేసి మీటర్ల తీగలు రెండు, నేలకు మరీ ఎత్తు కాకుండా కడితే అల నిటారుగా పైకెళ్లి, గొడుగులా చుట్టూ దిగుతుంది. రాత్రి అది జారిపోతే 3.5కి దిగాలి.

ఇలాంటి సెట్లు మనకు చాలాకాలం విదేశీ సరుకే. హైదరాబాద్‌లో 1983లో జాతీయ ఆమెచ్యూర్ రేడియో సంస్థ వచ్చాక నేర్చుకునేవాళ్లు పెరిగారు. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్, 26న సునామీ వచ్చాక తన సెట్టును సహాయ కబుర్లకు తిప్పారు. సరదాకి కట్టిన ఏంటెనాయే అక్కరకొచ్చింది.

ధర సంగతి మార్చినవాడు హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్. బిట్‌ఎక్స్ పేరుతో ఆయన గీసిన సర్క్యూట్‌లో యాంప్లిఫయర్లు రెండువైపులా పనిచేస్తాయి: వినేటప్పుడు ఇటు, మాట్లాడేటప్పుడు అటు. సగం భాగాలు మిగిలాయి. ఖరీదైన కోర్లు దొరకనివాళ్ల కోసం కాయిల్స్‌ను కుళాయి వాషర్ల మీద చుట్టమన్నాడు! మొదటిది 14 మెగాహెర్ట్జ్‌ది. తర్వాత, 2016లో, 7 మెగాహెర్ట్జ్ బోర్డు 59 డాలర్లకు వచ్చింది. హైదరాబాద్ మహిళల బృందం వాటిని చేత్తో బిగించింది. ప్రపంచమంతా కొనుక్కుంది.

ఏడు వాట్లే కదా అంటారా? వంద వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఇరవై ఆంపియర్లు తాగుతుంది. కరెంటు లేని ఊళ్లో కారు బ్యాటరీయే దిక్కయినప్పుడు చిన్న సెట్టు ఎక్కువసేపు బతుకుతుంది. అయితే సెట్టు ఉంటేనే సరిపోదు. లైసెన్సు పరీక్ష రాసి, రోజూ అదే తీగ మీద అవతలివాడితో పలకరింపులు నడిపిన మనిషి కావాలి. వరదొచ్చిన రోజున బాక్సు విప్పి సూచనల కాగితం చదివేవాడు నదిని దాటించలేడు.