ఆధి: చిత్తపీడయు, తాకట్టును

ఆధి, వ్యాధి యను జంటపదములు రెండును ‘ధా’ ధాతువునుండియే పుట్టినవి. మొదటిది మనసునకు, రెండవది మేనికి చెల్లినను, అమరకోశము ఆధికి చిత్తపీడతోబాటు తాకట్టు అను అర్థమును గూడ చెప్పుట నన్ను మిక్కిలి కదలించినది. వెలుగోడు జలాశయపు చెంత పంట చెడి, నగలు కుదువబడి, ఆ వెత నెవరితోను చెప్పుకొనలేని ఇల్లాలు ‘గుండెల్లో బరువు, ఒళ్లంతా మంటలు’ అని నంద్యాలకు పోయి, పరీక్షలలో ఏ దోషమును కానరాక మరలివచ్చినచో, ఆమె నొప్పి బూటకమనుట ఘోరమైన అన్యాయము. అమెరికా మనోవైద్యులు 1980లో ఇట్టి బాధలకొక వర్గము నేర్పరచి, 2013లో దాని పేరు మార్చి, కారణము దొరకకపోవుటకంటె బాధితుని ఆలోచనలకును ఆందోళనకును ప్రాధాన్యమిచ్చిరి. మన పల్లె ముసలమ్మ మాత్రము ఒంటినొప్పి వినగానే చేయి పట్టుకొని, ‘ఏం దిగులు పెట్టుకుంటివమ్మా?’ అనియే మొదట అడుగును.