ఘాటీ లెక్క: రంప ఏజెన్సీలో ఇంజిన్ ఆయిల్ మార్పు చరిత్ర

ఇంజిన్ ఆయిల్‌ను ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న నియమం మోటారు వాహనంతోపాటే పుట్టినా, ఏ కాలంలోనూ ఒకచోట నిలిచింది కాదు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిని సంపు అంటారు. అక్కడి నుంచి పంపు తోడగా బేరింగులకూ పిస్టన్లకూ చేరి, రాపిడి తగ్గించి, వేడిని మోసుకొచ్చి, మసినీ ఆమ్లాలనూ తనలో కలుపుకొని తిరిగి సంపులోకి జారే ఆ నూనె ఎంతకాలం పనికొస్తుందన్నది, తయారీదారు పుస్తకంలో అచ్చువేసిన అంకె కన్నా, ఇంజిన్ తాగే ఇంధనం మీద, పీల్చే గాలి మీద, ఎక్కే దారి మీద ఎక్కువగా ఆధారపడింది. గోదావరి మైదానం ముగిసి తూర్పు కనుమలు లేచేచోట ఉన్న రంపచోడవరం ఈ మూడింటి ప్రభావాన్నీ ఒక్కచోట చూడదగిన ప్రదేశం.

ఈ కొండల్లో రోడ్డు చరిత్రే ఒక గాయంతో మొదలైంది. నర్సీపట్నం వైపు నుంచి గూడెం కొండల్లోకి దారి వేయడానికి తహసీల్దారు బాస్టియన్ మన్యం ప్రజల చేత చేయించిన వెట్టిచాకిరీ, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై జరిగిన దాడులకు ముఖ్య కారణాల్లో ఒకటి. అటువంటి దారుల మీదికి మోటారు నెమ్మదిగా వచ్చింది. వచ్చినప్పుడు కూడా ప్రయాణికుల కన్నా సరుకు కోసమే ఎక్కువగా వచ్చింది. రంప అడవుల వెదురు ఒకప్పుడు తెప్పలుగా గోదావరి మీద దిగేది. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ సంస్థ ఏర్పడిన తరువాత రాజమండ్రి కాగితం మిల్లు అవసరం పెరిగి, అడవి లోపలి కూపుల నుంచి, అంటే నరకడానికి కేటాయించిన అటవీ ఖండాల నుంచి, వెదురు మోసే లారీలు ఈ ప్రాంతపు మోటారు జీవితంలో పెద్ద భాగమయ్యాయి.

అంతకు ముందే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, పెట్రోలు కరువై మద్రాసు రాష్ట్రమంతటా బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సుకు బిగించిన ఉక్కు కొలిమిలో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండిస్తే పుట్టే వాయువును, వడపోసి, పెట్రోలుకు బదులు ఇంజిన్‌కు పట్టించేవారు. బలం తగ్గిన ఆ ఇంజిన్ ఎత్తు వచ్చినచోట మొరాయించడం, ప్రయాణికులు దిగి నెట్టడం పాత తరం తెలుగువారు నవ్వుతూ చెప్పుకొనే సంగతే గాని, నూనె చరిత్రలో దాని ప్రాధాన్యం వేరు. వడపోతకు దొరకని బూడిద, తారు సిలిండర్ గోడల వెంట సంపులోకి దిగేవి. సన్నని బూడిద కలిసిన నూనె ఇంజిన్‌ను కాపాడదు, సానరాయిలా అరగదీస్తుంది. బండి ఎంత దూరం తిరిగిందన్నది కాక, నూనెలో ఏం కలిసిందన్నదే అసలు ప్రశ్న అని ఆ బస్సులు ముందే రుజువు చేశాయి.

అప్పటి నూనె కూడా ఇప్పటిది కాదు. తొలినాళ్లలో ఆముదాన్నీ, ఏ రసాయనమూ కలపని ఖనిజ నూనెనూ వాడేవారు. వాటికి మసిని పట్టి ఉంచే గుణం లేనందున మడ్డి సంపు అడుగునా పిస్టన్ రింగుల గాళ్లలోనూ పేరుకొనేది. 1930లలో అమెరికాలో కేటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్ల రింగులు ఇలా పట్టుకుపోతున్న సమస్యకు పరిష్కారంగా, మడ్డిని కడిగి నూనెలోనే తేల్చి ఉంచే డిటర్జెంట్ రసాయనాలు కలిపిన నూనెలు వచ్చాయి. ఈ మార్పుతో ఒక పాత కొలమానం తలకిందులైంది. మునుపు నూనె నల్లబడితే చెడిందని అర్థం. కొత్త రకం నూనె, మసిని తనలోకి తీసుకోవడమే దాని పని గనుక, డీజిల్ ఇంజిన్‌లో కొద్ది గంటలకే నల్లబడుతుంది. అయినా రంగు చూసి తీర్పు చెప్పే అలవాటు షెడ్లలో మరి కొన్ని దశాబ్దాలు బతికింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. గేజి కర్ర తీసి, చివరి చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, జిగి ఉన్నదా, గరుకు తగులుతున్నదా, కిరసనాయిలు వాసన వస్తున్నదా అని చూసే మెకానిక్కు మాత్రం రంగు కన్నా నమ్మకమైన సాక్ష్యాన్నే అడుగుతున్నాడు. జిగి పోవడమంటే స్నిగ్ధత, అంటే నూనె చిక్కదనం, తగ్గడం. గరుకంటే దుమ్ము లేదా లోహపు రజను. వాసనంటే మండని ఇంధనం సంపులోకి దిగడం.

ద్విచక్ర వాహనాల కథ వేరు. రాజ్‌దూత్ మోటారు సైకిళ్లలోనూ, చాలాకాలం ఆటోల్లోనూ ఉన్న టూ స్ట్రోక్ ఇంజిన్‌లో నూనెను పెట్రోలులోనే కలిపి మండించేవారు; మార్చడానికి సంపులో నూనె అంటూ ఉండేది కాదు, గేరు పెట్టెలోనిది తప్ప. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి, ఆ తరువాత ఫోర్ స్ట్రోక్ బండ్లు పల్లెలకూ కొండలకూ పాకినప్పుడు, లీటరుకు మించని నూనెను గడువుకు మార్చాలన్న నియమం సామాన్యుడి ఇంటికి తొలిసారి చేరింది. పెట్రోలు పోస్తే చాలునన్న అలవాటుకు అది కొత్త ఖర్చు. బండి నడుస్తూనే ఉంటుంది గనుక ఆ ఖర్చును వాయిదా వేయడం తేలిక, ఫలితం సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చినప్పుడు గాని తెలియదు.

డీజిల్ బండ్ల గడువును శాసించింది గంధకం. డీజిల్‌లోని గంధకం మండి, సిలిండర్‌లోని తేమతో కలిసి గంధకికామ్లంగా మారుతుంది. దాన్ని విరచడానికి నూనెలో క్షారగుణం గల రసాయనాలను నిల్వగా కలుపుతారు, ఆ నిల్వ తరిగిపోయిన రోజే నూనె ఆయుష్షు తీరినట్టు. భారతదేశంలో డీజిల్‌లో గంధకం 1990ల మధ్య వరకు 1 శాతం దాకా ఉండేది. 2000లో దాన్ని 0.25 శాతానికి, 2017లో దేశమంతటా భారత్ స్టేజ్ 4 అమలుతో పది లక్షల పాళ్లకు 50 పాళ్లకు, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 అమలుతో 10 పాళ్లకు తగ్గించారు. ఇండియన్ ఆయిల్ సర్వో పేరుతో 1972 నుంచి అమ్ముతున్న నూనెలైనా, 1990లలో మార్కెట్ తెరిచాక వచ్చిన విదేశీ రకాలైనా గడువును పెంచగలిగింది నూనె గొప్పతనం వల్ల ఎంతో, ఇంధనం శుభ్రపడినందువల్ల కూడా అంతే. ప్రకటనలు ఈ రెండో సగాన్ని సాధారణంగా చెప్పవు.

అయితే ఇంధనం మారినంత మాత్రాన కొండ మారలేదు. కిలోమీటరు లెక్క మైదానపు లెక్క. టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ పోయే ఇంజిన్ కిలోమీటరుకు 2,000 చుట్లు తిరుగుతుంది. అదే ఇంజిన్ మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటీ మలుపుల్లో కింది గేరులో, అవే చుట్లతో, గంటకు 15 కిలోమీటర్లు పాకితే కిలోమీటరుకు 8,000 చుట్లు పడతాయి. అందుకే ట్రాక్టరుకు దూరాన్ని కాక పనిగంటలను లెక్కించి, చాలా రకాలకు 250 గంటలకు నూనె మార్చమంటారు. ఆ కొలతనే జీపుకు పెడితే, సగటున 40 కిలోమీటర్ల వేగంతో మైదానంలో తిరిగే బండికి 10,000 కిలోమీటర్లయ్యే గడువు, 20 కిలోమీటర్ల సగటుతో కొండ ఎక్కే బండికి 5,000కే ముగుస్తుంది. సంతరోజున కిక్కిరిసిన జనంతో, టాపు మీద మూటలతో ఎక్కే జీపుకు ఆ లెక్క కూడా ఉదారమైనదే. వాహనపు పుస్తకాల్లో ‘కఠిన వినియోగం’ అన్న శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఉండే మినహాయింపు ఈ ప్రాంతంలో మినహాయింపు కాదు, నిత్యవ్యవహారం.

వానకాలం దీనికి మరొక చిక్కు చేరుస్తుంది. వంతెన లేని వాగును దాటేటప్పుడు నీరు ఇంజిన్‌లోకి చొరబడితే నూనె పాలుకలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. అది నిన్న పోసిన నూనె అయినా సరే, సంపు నట్టు విప్పి దించేయవలసిందే. వారానికొకసారి సంతకు మాత్రమే కదిలే బండికి వేరే ఇబ్బంది: కొద్దిదూరం నడిచి, వేడెక్కీ వేడెక్కకముందే ఆగే ఇంజిన్‌లో తేమ ఆవిరై పోక నిలుస్తుంది గనుక, మీటరు కదలకపోయినా ఏడాదికొకసారైనా నూనె మార్చాలన్న నియమం దానికోసమే. ఇలా దించిన పాత నూనెను చెదలు పట్టకుండా వాసాలకూ గుంజలకూ పూయడం పల్లెల్లో రివాజు; ప్రమాదకర వ్యర్థాల నియమాలు దాన్ని నేల మీద, నీటిలో వదలరాదంటాయి గాని, షెడ్డు ముందరి నల్లని నేల ఆ నియమాన్ని చదివినట్టు కనబడదు.

భారత్ స్టేజ్ 6 డీజిల్ బండ్లతో ఈ చరిత్ర మరొక మలుపు తిరిగింది. పొగగొట్టంలో మసిని పట్టే వడపోత పరికరం నిండినప్పుడు, దాన్ని కాల్చి శుభ్రం చేయడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్‌ను చిమ్ముతాయి. పికప్ వ్యానులు ఊరూరా ఆగుతూ తిరిగితే ఆ శుభ్రత మధ్యలోనే ఆగి, మళ్లీ మళ్లీ మొదలై, మండని డీజిల్ కొంత సంపులోకి దిగుతుంది. నూనె మట్టం తగ్గితేనే కంగారుపడడం నేర్చిన డ్రైవర్లు ఇప్పుడు గేజి కర్ర మీద మట్టం పై గీతను దాటినా బండిని షెడ్డుకు తేవలసి వస్తున్నది.